టేపులన్నయ్య దాచిన నాలుగో తరం

మొన్న ఆదివారం పొద్దున్న పప్పు కుక్కర్లో పెట్టి మూత బిగిస్తుండగా హౌరాలోని షాలిమార్ నుంచి ఫోను వచ్చింది. "అత్తా, నాన్న వెళ్ళిపోయేరు" అంది టేపులన్నయ్య కూతురు. చర్చికి బయల్దేరి, బూట్లకు పాలిష్ పెట్టుకుని, రెండో బూటు లేసు కట్టుకోవడానికి వంగిన మనిషి అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయాడట. డెబ్భయ్యారేళ్ళు. "ఒక లేసు కట్టేసే ఉందత్తా, రెండోదే..." అని ఆ పిల్ల ఏడ్చింది. నాకు ఏడుపు కంటే ముందు ఒక మాట తోచింది. సగం పని వదిలేసి వెళ్ళడం ఆయన జన్మలో ఇదే మొదటిసారి.

ఈ పత్రిక సంపాదకుడు "ఒక పేజీ చాలు పిన్నిగారూ, క్లుప్తంగా రాయండి" అన్నారు. ఒక పేజీలో నేను ఎవరినీ సరిగ్గా తిట్టనైనా తిట్టలేను, మెచ్చుకోవడం ఎలా కుదురుతుంది? ఈ నెలకు వంటల శీర్షిక ఆపేయమన్నాను. ఎవరూ ఆకలితో మాడిపోరు. ఇక చదివేవారికి ఒక మనవి. మీ పిల్లలకు తెలుగు చదవడం రాదని నాకు తెలుసు, చదివి వినిపించండి. వాళ్ళలో సగం మంది ఇప్పుడు కలకత్తా సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళే కదా. ఆ దారిన మొదట ఎవరు నడిచారో వాళ్ళకు తెలియాలి. నడిచారు అని ఊరికే అనడం లేదు. నిజంగా కాళ్ళతో నడిచిన సంగతే చెప్పబోతున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఇరవయ్యేడేళ్ళు నేను పనిచేసిన ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీలో, డల్హౌసీ దగ్గరి పాత ఆఫీసులో, టేపుల గది ఆయనది. ఉద్యోగం పేరు టేప్ లైబ్రేరియన్. బెంగాలీలకు దాదా. ఎదట నాకు అన్నయ్యగారు, మనసులో టేపులన్నయ్య.

ఎనభైల మొదట్లో కంప్యూటరంటే ఒళ్ళో పెట్టుకునే వస్తువు కాదు. ఒక హాలు నిండా బీరువాలంత యంత్రాలు. లెక్కలు, జాబితాలు, మనుషుల వివరాలు అన్నీ అప్పడాల డబ్బాలంత గుండ్రటి పెట్టెల్లో, చుట్టలు చుట్టిన టేపుల మీద ఉండేవి. ఊరంతా ఉక్కపోతతో చస్తుంటే ఆ హాల్లో డార్జిలింగు. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. ఈ ముక్క చెబితే మా మనవరాలు "గుడిలోలాగానా అమ్మమ్మా?" అంది. అలాగే, కాకపోతే గుడిలో దేవుడు తప్పు చేసినవాణ్ణి అప్పుడప్పుడు క్షమిస్తాడు.

ఆ చెప్పుల ఆచారం వల్ల ఒక మేలు జరిగింది. కంపెనీలో ఎవరేమిటో తలుపుల మీది పలకలు చూసి కాకుండా మేజోళ్ళు చూసి తెలుసుకున్నాను. మా విభాగానికి పెద్ద అయిన బెంగాలీ ఆయన, అందరం పెద్దసారు అనేవాళ్ళం, ఇంగ్లండులో చదివాడు, టై లేకుండా మంచినీళ్ళు కూడా తాగడు. కుడికాలి బొటనవేలు మాత్రం ఎప్పుడూ మేజోడులోంచి బయటికి చూస్తుండేది. టేపులన్నయ్య మేజోళ్ళు తెల్లవి, ఉతికినవి, మడమల దగ్గర భార్య చేత్తో రఫూ చేసినవి.

నేను చేరిన రోజు ఆ చలిలో పళ్ళు కొట్టుకుంటూ ఒక మూల నిలబడ్డాను. గణితంలో ఎమ్మెస్సీ, బ్యాంకు ఆఫీసరుగారి భార్య, ఏడేళ్ళ పిల్లకు తల్లి, వయసు ముప్ఫయ్యొకటి. చుట్టూ బెంగాలీ, ఇంగ్లీషు. ఇంతలో ఒక యంత్రం వెనకనుంచి వినిపించింది: "ఏటే, నీకీవేళ ఏటయిందే? నిన్న బాగానే తిరిగేవు కదే! మొగుడితో గొడవాడేవేటి?"

తొంగి చూశాను. ఒక బట్టతలాయన టేపు తిప్పే యంత్రాన్ని తెల్ల గుడ్డతో తుడుస్తూ బుజ్జగిస్తున్నాడు. "దానికి మొగుడు కూడానా?" అన్నాను తెలుగులో. ఆయన ఉలిక్కిపడలేదు. "ఉన్నాడు. ఆ పక్కనున్నాడే, రెండో నంబరు. మహా చాదస్తుడు. నువ్వే ఊరు చెల్లెమ్మా?" అన్నాడు. అంతే, ఆ క్షణంనుంచి నేను చెల్లెమ్మను. ఆయన తండ్రి టెక్కలి వైపునుంచి వచ్చి గార్డెన్ రీచ్ రేవులో పనికి కుదిరాడు. ఆయన ఇక్కడే పుట్టాడు. భార్య రైల్వే బడిలో టీచరు, షాలిమార్ క్వార్టర్లలో కాపురం.

నేను ఏ ఆశతో చేరానో ఇక్కడే చెప్పాలి. ఎనిమిదేళ్ళు చారు కాచాను. చారుకు వ్యతిరేకిని కాదు, కానీ చారులో రెండోసారి నిరూపించవలసింది ఏమీ ఉండదు. ఆ హాల్లో ప్రోగ్రాములు రాసే కుర్చీ ఒకటి నాకు దొరికింది, అదీ ఒక్క ఏడాదికి, పరీక్షగా. అంతకుముందు అందులో ఆడమనిషి కూర్చోలేదు. పెద్దసారు మొదటిరోజే మర్యాదగా చెప్పేశాడు: "మేడమ్, నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్క పెద్ద పొరపాటు జరిగితే మిమ్మల్ని టైపింగు విభాగానికి మార్చవలసి వస్తుంది. అక్కడ కిటికీ కూడా ఉంది." నాకు కిటికీ అక్కర్లేదు. ఆ కుర్చీ కావాలి. అంతగా ఏ వస్తువునూ నేను కోరుకోలేదు, పెళ్ళిలో పట్టుచీరతో సహా.

ఆ కుర్చీలో నిలబడడానికి... చూశారా, కుర్చీలో కూర్చోవాలి గాని నిలబడకూడదు, కానీ ఆ ఏడాదంతా నా పని అలాగే ఉండేది. నిలబెట్టింది ఆయన.

ఆయన పద్ధతులు చూసి కొత్తవాళ్ళు నవ్వేవారు. టేపు ఇచ్చేముందు దాని మీది చీటీ రెండుసార్లు పైకి చదివేవాడు, ఒకసారి మనకు, ఒకసారి తనకు. ముడీ తెలేభాజా, అంటే మరమరాలూ నూనె బజ్జీలూ, తిన్న చేతులతో ఎవరైనా అర దగ్గరికి వస్తే "సబ్బు అటేపుంది" అని వేలు చూపేవాడు, డైరెక్టరైనా సరే. ఎవరైనా తొందరపెడితే "తొందరున్నోడు రేపు రావాల" అనేవాడు. ఈ మాట బెంగాలీలు కూడా నేర్చుకుని తెలుగులోనే అనడం మొదలుపెట్టారు. కరెంటు పోయి యంత్రాలన్నీ ఆగిపోతే చీకట్లో స్టూలు మీద కూర్చుని సన్నగా కీర్తన అందుకునేవాడు. ఆ ఊళ్ళో ఆ రోజుల్లో కరెంటు పోనిరోజు లేదు కనుక నాకు చర్చి కీర్తనలు చాలానే వచ్చేశాయి. మా అత్తగారి శ్రావణ శుక్రవారం పూజలో ఒకసారి పొరపాటున ఒకటి పాడాను. రాగం బాగుందన్నారావిడ.

అన్నింటికంటే ముఖ్యమైనది ఆయన చేతిగడియారం. ఏ టేపు మొదటినుంచి చివరికి తిరగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ పుస్తకంలో రాసేవాడు. అది రాయమని ఎవరూ చెప్పలేదు. "ఎందుకన్నయ్యగారూ?" అంటే "నాడి చూడమని డాక్టరుకి ఎవరైనా సెప్పాలేటి?" అనేవాడు.

ఇప్పుడు ఒక సంగతి కాస్త ఓపికగా వినాలి. అప్పట్లో ప్రతి కంప్యూటర్ హాల్లోనూ ఒక ఆచారం. ఈవేళ తయారైన టేపు కొడుకు. దేన్నుంచి తయారైందో ఆ నిన్నటి టేపు తండ్రి. మొన్నటిది తాత. కొడుకు పాడైతే తండ్రినుంచి మళ్ళీ పుట్టించవచ్చు, తండ్రీ పాడైతే తాతనుంచి. రేపు కొత్త కొడుకు పుట్టగానే తాతను చెరిపేసి ఖాళీ టేపుగా వాడుకుంటారు. అరలో ఎప్పుడూ మూడే తరాలు. ఈ పేర్లు మేం పెట్టినవి కావు, ప్రపంచమంతటా అవే.

చేరిన నెలకు నేను ఊరుకోలేక అన్నాను: "మూడు తరాలూ మగవాళ్ళేనా? ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ దాచారో తెలిసేది అమ్మమ్మకి కదా. ఆవిడకి అరలో చోటు లేదా?"

ఆయన నవ్వలేదు. రెండు రోజులు ఆలోచించి వచ్చాడు. "చెల్లెమ్మా, నువ్వు ఎటకారానికి అన్నావు గాని నిజమే అన్నావు. మూడూ ఒకే గదిలో ఉన్నాయి. నిప్పంటుకుంటే తాతకీ మనవడికీ ఒకటే పాడె. ఇంకోటి ఏరే చోట ఉండాల."

వేరే ఊళ్ళో ఉన్న ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాశాడు. నాలుగో టేపు ఒకటి తయారుచేసి నదికి అవతల భద్రపరచడానికి అనుమతి కావాలని. "మీ సూచన పరిశీలనలో ఉన్నది" అని జవాబు. మళ్ళీ రాశాడు. మళ్ళీ పరిశీలన. "పెద్ద కంపెనీలో కాదనేవాడు దొరకడు చెల్లెమ్మా, అవుననేవాడూ దొరకడు" అన్నాడు. సెక్టర్ ఫైవ్‌లోని అద్దాల మేడలోకి మారిపోయాక, 'మనమంతా ఒకే కుటుంబం' అని నెలకోసారి మీటింగు పెట్టి చెప్పే రోజుల్లో కూడా, ఆ మాటకు మించి నిజమైన మాట నేను ఆ కంపెనీలో వినలేదు.

చివరికి ఆయన తనకు తానే అనుమతి ఇచ్చుకున్నాడు. ప్రతి శనివారం ముఖ్యమైన టేపుకు నకలు తీసి, అన్నం సంచిలో పెట్టుకుని, ఆదివారం ఆరాధనకు వెళ్ళినప్పుడు షాలిమార్ తెలుగు చర్చిలో ఇనుప బీరువాలో పెట్టేవాడు. తాళం చెవి ఆయన భార్య కొంగున ఉండేది. చీటీ మీద తెలుగులో 'అమ్మమ్మ' అని రాశాడు. గేటు పాసు లేకుండా కంపెనీ వస్తువు బయటికి వెళితే ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పాడు.

ఆ ఏడాది వేసవిలో ఒక పరీక్షల బోర్డు వారి పని మాకు వచ్చింది. పిల్లల పేర్లు, మార్కులు అట్టకార్డుల మీద చిల్లులు కొట్టి, టేపుకు ఎక్కించాలి. పంచింగు గదిలో ఒకే పిల్లకు రెండు కార్డులు పడటం, ఒకదానిలో రోల్ నంబరు తప్పడం మామూలే. అలాంటి జంటలను ఏరి ఒకటి తీసేసే ప్రోగ్రాము నాకు అప్పగించారు. ఒకే బడి, ఒకే పేరు కనిపిస్తే ఒకటి తీసెయ్యి, అని రాశాను. యంత్రానికి జ్ఞాపకశక్తి తక్కువ, ఎక్కువ అక్షరాలు పోల్చమంటే మొరాయిస్తుంది. కాబట్టి పేరులో మొదటి పది ఇంగ్లీషు అక్షరాలు చూస్తే చాలనుకున్నాను. కార్డులన్నీ టేపుకెక్కాక, సోమవారంనుంచి మూడు రోజులు, రోజుకు కొన్ని బడుల చొప్పున మూడు విడతలు నడిపాను. చకచకా నడిచింది. నా అంత తెలివైనది ఆ హాల్లో ఇంకొకటి లేదనుకున్నాను, యంత్రంతో సహా.

నాలుగో రోజు బంద్, పొద్దుటినుంచి సాయంత్రం ఆరుదాకా. ఫలితాల జాబితా మర్నాడే బోర్డుకు చేరాలి కనుక, ఆరింటికి బంద్ మొదలయ్యేలోపే కంపెనీ వ్యాను కొద్దిమందిని ఆఫీసులో దింపింది. ఏడున్నరకు టేపులన్నయ్య నన్ను పిలిచాడు. చేతిలో నిమిషాల పుస్తకం.

"చెల్లెమ్మా, ఈ టేపు శనివారం పన్నెండు నిమిషాలు తిరిగింది. తరవాత పదకొండున్నర. ఈవేళ పదకొండు కూడా లేదు. పిల్లలేటైపోతన్నారు?"

"జంట కార్డులు పోతున్నాయి అన్నయ్యగారూ. అందుకేగా ప్రోగ్రాము."

"ఇన్ని జంటలేటి? పంచింగు పిల్లలు మరీ అంత సేతకానోళ్ళా? ఒక బడి అచ్చేసి సూడు."

ఒక ఆడపిల్లల బడి జాబితా అచ్చు వేశాను. పంచింగు గదినుంచి వచ్చిన పేర్ల కాగితంలో ఆ బడిలో సుచిస్మితలు ఐదుగురు. నా టేపులో ఒక్కతే.

అప్పుడు వెలిగింది. సుచిస్మిత అని ఇంగ్లీషులో రాస్తే సరిగ్గా పది అక్షరాలు. ఆ తరవాత వచ్చే ఇంటిపేరును నా ప్రోగ్రాము చూడనే లేదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. మొదటి పది అక్షరాల్లో వంశమంతా తెలిసిపోతుంది. బెంగాలీలకు ఇంటిపేరు చివర. నేను కలకత్తాలో కూర్చుని, బెంగాలీ పిల్లలకు, మా కాకినాడ బడి హాజరుపట్టీ దృష్టిలో పెట్టుకుని ప్రోగ్రాము రాశాను. ఆ బడిలోనే కాదు, రాష్ట్రంలో ఉన్న సుచిస్మితలంతా బడికొకరు చొప్పున మిగిలారు; అనిందితలకైతే ఇంటిపేరు మొదటి అక్షరం కలిసినా చాలు, ఒకరు మాయం.

ఇందులో నాకు ఇంకా సిగ్గయిన సంగతి ఒకటుంది. టేపులన్నయ్య పేరు కంపెనీ పుస్తకాల్లో మన పద్ధతిలో ఇంటిపేరు ముందు రాసి ఉండేది. బెంగాలీలు అదే అసలు పేరనుకుని ఏళ్ళ తరబడి ఆయన్ని ఇంటిపేరుతోనే పిలిచారు. "మా తాతనీ, మా నాన్ననీ, నన్నూ ఒకే కేకతో పిలుస్తన్నారు, పొదుపైన జనం" అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు విని నేనూ నవ్వాను. విన్నదాన్ని బుర్రకు మాత్రం ఎక్కించుకోలేదు.

అరలో మూడు టేపులున్నాయి. కొడుకు, తండ్రి, తాత. మూడూ నా ప్రోగ్రాము నడిచాక పుట్టినవే. అసలైన టేపు నిన్ననే చెరిగిపోయింది. మార్కులు బయటికి పొక్కకుండా అట్టకార్డులను ఏ రోజువి ఆ రోజే ముక్కలు చేసేవారు. మిగిలింది చర్చి బీరువాలో శనివారంనాటి అమ్మమ్మ.

హాలు తలుపు దగ్గరగా వేశాను. నెమ్మదిగా అన్నాను: "అన్నయ్యగారూ, ఎవరికీ చెప్పకుండా మనం షాలిమార్ వెళ్ళి తెచ్చేసుకుంటే? సాయంత్రానికి అంతా సరైపోతుంది. నా కుర్చీ ఉంటుంది. మీ గేటు పాసు సంగతీ బయటపడదు."

ఆయన నిమిషాల పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "తిట్లు తింటే అరుగుతాయి చెల్లెమ్మా. అబద్ధం అరగదు. ముందు తిట్లు తినీసి, అప్పుడెళ్దాం" అన్నాడు.

పెద్దసారు గదిలో ఇద్దరం నిలబడ్డాం. నా తప్పు నేను చెప్పాను. పెద్దసారు ముఖం జాబితా కాగితంలా తెల్లబడింది. "మూడు తరాలూ పోయాయా?"

"నాలుగోది ఉంది సార్" అన్నాడు టేపులన్నయ్య.

"నాలుగోదా? ఎక్కడ?"

"షాలిమార్‌లో. చర్చి బీరువాలో, కీర్తనల పుస్తకాల పక్కన."

పెద్దసారు కుర్చీలోంచి లేచాడు.

"కంపెనీ టేపు, చర్చిలో? గేటు పాసు?"

"లేదు సార్. మీ ఇంట్లో పెడదామనుకున్నాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు కదా."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అరే బాబా! మా ఇంట్లోనూ ఒక సుచిస్మిత ఉంది. అదృష్టవశాత్తు ఆమె పరీక్ష వచ్చే ఏడు. ముందు టేపు తీసుకురండి. మీ ఇద్దరి సంగతీ సాయంత్రం చూస్తాను."

పేరు మొత్తం, దానితోపాటు తండ్రి పేరు కూడా పోల్చేలా, ప్రోగ్రాము ఉన్న అట్టకార్డుల్లో నాలుగు కొత్తగా కొట్టించి సరిచేశాను. యంత్రం మొరాయిస్తే మొరాయించనీ, ఈసారి నేనూ మొరాయించదలచుకున్నాను. తరవాత చెప్పులు తొడుక్కుంటుంటే ఆయన అన్నాడు: "నువ్వూ వచ్చీ. ఒక్కణ్ణీ డబ్బా పట్టుకొస్తే దొంగంటారు. పక్కన నువ్వుంటే ఏ పెళ్ళికో పోతన్నామనుకుంటారు."

బస్సు లేదు, ట్రాము లేదు, నదిమీద పడవ లేదు. డల్హౌసీనుంచి హౌరా వంతెన దాటి షాలిమార్‌దాకా నడక. ఎప్పుడూ తోసుకుంటూ తిట్టుకుంటూ పోయే బ్రాబోర్న్ రోడ్డు నడిమధ్య క్రికెట్టు. ఇటుకలు పేర్చిన వికెట్లు, ధోవతి మోకాళ్ళపైకి కట్టిన అంపైరు. ఒక బంతి మాదాకా దొర్లుకుంటూ వస్తే టేపులన్నయ్య బూటుతో ఆపి విసిరాడు. "షాబాష్ దాదా!" అన్నారు. ఉద్యోగాలు పోగొట్టుకోబోతున్న ఇద్దరం నవ్వుకుంటూ నడిచాం. నాకు ఆవేళ అంత సంతోషం ఎందుకు కలిగిందో ఇప్పటికీ లెక్క తేలలేదు. నిజం చెప్పేశాక ఒళ్ళు తేలికవుతుందని పెద్దవాళ్ళంటారు. పెద్దవాళ్ళ మాటలన్నీ తప్పు కావు.

వంతెన మొదట్లో జెండాలు పట్టుకుని పదిమంది. "కొథాయ్ జాచ్చెన్?" అన్నాడు వాళ్ళ నాయకుడు, ఎక్కడికని. గోడలనిండా కంప్యూటర్లు వద్దు, అవి మనుషుల పనిని మింగేస్తాయని రాతలున్న రోజులవి.

"చర్చికి" అన్నాడు టేపులన్నయ్య బెంగాలీలో.

"ఈవేళ ఆదివారమా?"

"దేవుడికి బంద్ ఉందని మీరు ముందు చెప్పలేదే."

వాళ్ళు నవ్వి వదిలేశారు.

షాలిమార్‌లో ఆయన భార్య గుమ్మంలోనే చేతులు నడుముకు పెట్టుకుంది. "బందునాడు కూడా ఆఫీసేటి? ఈ ఎండలో ఆడమనిషిని నడిపించుకొచ్చీసేరా? బుద్ధుందేటి మీకు? రా తల్లీ, ముందు అన్నం తిను. మీకు చేపలు కూడదు కదా, పెరుగుంది." పెరుగన్నం, మాగాయి. అంతటి మాగాయి నేను పుట్టింట్లో తినలేదు, ఈ మాట మా వదిన చదివితే చదవనీండి. చర్చి బీరువాలో కీర్తనల పుస్తకాలకూ ప్రభురాత్రి భోజనం గిన్నెలకూ మధ్య, తెల్ల గుడ్డలో చుట్టి, వేపాకు మధ్య ఉంది డబ్బా. ఆయన చీటీ రెండుసార్లు పైకి చదివాడు. చర్చి కాబట్టి కాస్త మెల్లగా చదివాడు.

తిరిగివచ్చేటప్పుడు వంతెన దగ్గర ఆ జెండాల గుంపే.

"ఏముంది డబ్బాలో?"

నేను ఆయన మోచెయ్యి గిల్లాను. ఆయన తిన్నగా చెప్పాడు: "పిల్లల పరీక్ష మార్కులు. కంప్యూటర్ ఆఫీసుకు తీసుకెళ్తున్నాం."

నాయకుడి ముఖం మారింది. జెండాకర్ర దించాడు. "ఈ ఏటివా? మా చెల్లెలు రాసింది."

"పేరు?"

"అనిందిత."

టేపులన్నయ్య నావైపు చూశాడు. "ఈ డబ్బా చేరితే ఆ అమ్మాయి ఉంటుంది. చేరకపోతే ఉంటుందో లేదో ఈ బౌదీని అడగండి" అన్నాడు. బౌదీ అంటే వదిన, అంటే నేనే.

మీరు బెంగాలీలను ఎరుగుదురు. ప్రభుత్వాలు మారవచ్చు, మారకపోవచ్చు, మార్కుల జోలికి మాత్రం ఎవరూ రాకూడదు. "మార్కులు! దారి వదలండి!" అని అరిచాడు నాయకుడు. ఒకడు గొడుగు విప్పి మా తలలమీద కాదు, డబ్బామీద పట్టాడు. ముందు ఇద్దరు, వెనక నలుగురు, జెండాలతో సహా. ఎదురైన ప్రతి గుంపుకూ "పరీక్ష మార్కులు, జరగండి" అని చెప్పుకుంటూ, కంప్యూటర్లు వద్దన్న వాళ్ళే మా టేపును కంప్యూటర్ ఆఫీసు గుమ్మందాకా ఊరేగించి తెచ్చారు. మేడమీద కిటికీలోంచి పెద్దసారు చూస్తున్నాడు. ఊరేగింపు తన మీదికే వస్తోందనుకుని టై సర్దుకున్నాడని తరవాత తెలిసింది.

మధ్యాహ్నం సరిచేసిన ప్రోగ్రాము నడిచింది. యంత్రం మొరాయించలేదు, రెట్టింపు సేపు ఆలోచించింది అంతే. కొత్త టేపు ఎక్కించి, టేపులన్నయ్య గడియారం పట్టుకుని నిలబడ్డాడు. పెద్దసారు కూడా వచ్చి, బొటనవేలు బయటపెట్టుకుని, పక్కన నిలబడ్డాడు. పదకొండు నిమిషాల యాభై సెకన్లు. "పిల్లలొచ్చీసేరు" అన్నాడు టేపులన్నయ్య. ఆ బడి జాబితా అచ్చు వేశాను. ఒకరికింద ఒకరు ఐదుగురు సుచిస్మితలు, ఐదు ఇంటిపేర్లతో.

ఐదున్నరకు పెద్దసారు పిలిచాడు. బల్లమీద రెండు కాగితాలు. మొదటిది టేపులన్నయ్యకు, గేటు పాసు లేకుండా వస్తువు తీసుకెళ్ళినందుకు మందలింపు. దాని కిందనే, వచ్చే వారంనుంచి నాలుగో టేపును గేటు పాసుతో నదికి అవతలికి చేర్చడం ఆయన విధి అని ఆదేశం. "ప్రధాన కార్యాలయం అడిగితే, విషయం మా పరిశీలనలో ఉందని రాస్తాను" అన్నాడు.

రెండోది నాకు. చేతిలోకి తీసుకోవడానికి ధైర్యం చాలలేదు. కిటికీ పక్కన టైపు మిషను కళ్ళముందు కనబడుతోంది. ఆయనే చదివాడు. నా పరీక్షాకాలం ముగిసింది, ఉద్యోగం ఖాయం. ఇకమీదట మిగతావాళ్ళ ప్రోగ్రాములు నడిపేముందు తనిఖీ చేసేది కూడా నేనే.

"సార్, ఇంత తప్పు చేశాక..."

"మేడమ్, ఒక బడిలో నలుగురు ఆడపిల్లల్ని మాయం చేసినవాళ్ళు, ఐదోదాన్ని జన్మలో మాయం చేయరు. పైగా మీరు ఈ గదిలోకి వచ్చి చెప్పారు. నేను ఇక్కడ చేరినప్పటినుంచీ తప్పులు వాటంతట అవే జరుగుతున్నాయి, చేసినవాళ్ళు ఇంతవరకు ఎవరూ రాలేదు."

ఆ కుర్చీలో ఆ తరవాత ఎన్నేళ్ళున్నానో ముందే చెప్పాను. నా వెనక ఎందరో ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి ఆ కుర్చీ మామూలు కుర్చీ అయిపోయింది. అంతకంటే నాకు కావలసిందేమీ లేదు. దానికి నేను కృతజ్ఞత చెప్పవలసిన మనిషికి బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు. చెబితే "తొందరేటి" అనేవాడు.

ఆ సాయంత్రం ఇద్దరం బయటికి వచ్చేసరికి ఆరు కావస్తోంది. ఎండ పసుపుపచ్చగా మేడలమీద నిలిచి ఉంది. బంద్ ఇంకా అయిపోలేదు. ఎస్ప్లనేడు వైపు అంత వెడల్పు రోడ్డూ ఖాళీ. నేను అలవాటు కొద్దీ పేవ్‌మెంటు మీదికి ఎక్కబోయాను.

"అదేటి చెల్లెమ్మా, అంచునెందుకు? నడిమధ్యన నడు" అన్నాడు. "ఈవేళ రోడ్డు మనదే."

ట్రాము పట్టాల మధ్యకు దిగి, ఉత్త చేతులు ఊపుకుంటూ, కీర్తన పాడుకుంటూ నడిచాడు. నేనూ పక్కన నడిచాను. కొంతదూరం పోయాక వెనకనుంచి ట్రాము గంట వినిపించింది, బంద్ విడిచాక బయల్దేరిన మొదటి ట్రాము. డ్రైవరు గంట కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆయన పాట ఆపలేదు, అడుగు పెంచలేదు. దీపాలన్నీ వెలిగించుకున్న ఆ ట్రాము మా వెనకే మెల్లగా, ఓపిగ్గా, నడిచి వస్తూ ఉంది.